మేలైన పిండాన్ని ఎంచేదెలా?
సూక్ష్మదర్శిని కింద పాడి రంగ భవితవ్యం

ఢిల్లీకి ఉత్తరాన సుమారు 125 కిలోమీటర్ల దూరంలో ఉన్న కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధనా సంస్థలో 1990 నవంబరులో ఒక గేదె దూడ పుట్టింది. గాజు పాత్రలో అండమూ వీర్యకణమూ కలిసి రూపొందిన పిండం నుంచి జన్మించిన గేదె దూడ ప్రపంచం మొత్తం మీద అదే మొదటిది. డాక్టర్ ఎం.ఎల్. మదన్ నాయకత్వాన జరిగిన ఆ ప్రయోగ ఫలితానికి ‘ప్రథమ్’ అని పేరు పెట్టారు. పత్రికలు దానిని టెస్ట్‌ట్యూబ్ దూడగా దేశానికి పరిచయం చేశాయి.

గేదె పిండాన్ని ప్రయోగశాలలో సృష్టించడం సాధ్యమేనా అన్న ప్రశ్నకు ఆ దూడ పుట్టుకతో సమాధానం దొరికింది. కాని అంతకంటె కఠినమైన మరొక ప్రశ్న మూడు దశాబ్దాలు దాటినా శాస్త్రజ్ఞులను వదలలేదు. పాత్రలో పెరిగిన పది పిండాలలో ఏది చూడి నిలుపుతుంది? ఏది ఆరోగ్యవంతమైన దూడ అవుతుంది? ఆ దూడ పెద్దదై రైతు ఆశించినన్ని పాలు ఇస్తుందా? ఈ మూడూ ఒకే ప్రశ్నలా కనిపించినా వేర్వేరు ప్రశ్నలు. సూక్ష్మదర్శిని వీటిలో మొదటిదానికే, అదీ కొంతవరకే జవాబు చెప్పగలదు. ప్రభుత్వ ధనమూ రైతు సొమ్మూ ఈ రంగంలోకి ప్రవహిస్తున్న నేటి పరిస్థితిలో ఆ తేడాను గుర్తించడం అత్యవసరం.

ఢిల్లీ గేదె కథ

మన కోస్తా జిల్లాల పాత తరం రైతులు ముర్రా గేదెను ‘ఢిల్లీ గేదె’ అనేవారు. రోహ్‌తక్, జింద్, హిసార్, ఝజ్జర్ జిల్లాలు, ఢిల్లీ పరిసర గ్రామాలు ఈ జాతికి పుట్టినిల్లు. చుట్టలు తిరిగిన పొట్టి కొమ్ములు, నిగనిగలాడే నల్లని మేను, నిండైన పొదుగు దీని లక్షణాలు. మేటి ముర్రాలు రోజుకు 20 లీటర్లకు మించి పాలిచ్చిన సందర్భాలు హర్యానా పాల పోటీలలో అరుదు కాదు. గోదావరి, కృష్ణా మండలాలలోని నాటు గేదెలను ముర్రా దున్నలతో దాటించి తయారుచేసిన ‘గ్రేడెడ్ ముర్రా’ సంతతి నేడు తెలుగునాట పాడికి వెన్నెముక వంటిది.

అయితే ఈ సంపద పెరుగుదలకు ప్రకృతి ఒక హద్దు గీసింది. గేదె చూడి కాలం పది నెలలకు పైమాటే. ఎంతటి మేలు గేదె అయినా జీవితకాలంలో ఏడెనిమిది ఈతలకు మించి ఈనడం కష్టం. అందులో సగం దున్నదూడలు. ఒక మంచి దున్న నుంచి వేలాది వీర్య మోతాదులు సేకరించి దేశమంతటా పంపవచ్చు. కనుకనే కృత్రిమ గర్భోత్పత్తి ద్వారా తండ్రి వైపు నుంచి జాతి అభివృద్ధి సాగింది. తల్లి వైపు సుగుణాలు మాత్రం ఆ కొద్ది ఈతలకే పరిమితమయ్యాయి. పైగా హర్యానాలోని మంచి పాడి గేదెలు పెద్ద నగరాల డెయిరీలకు తరలిపోయి, ఒక ఈత పాడి ముగియగానే కబేళాకు చేరడం ఏళ్ల తరబడి సాగిన విషాదం. ఈ విధంగా తరిగిపోతున్న మేలైన తల్లుల వంశాన్ని త్వరితగతిన పెంచే మార్గంగా పిండ మార్పిడి రంగప్రవేశం చేసింది.

1987లో కేంద్ర బయోటెక్నాలజీ శాఖ పిండ మార్పిడి ద్వారా పశుసంపద అభివృద్ధికి జాతీయ పథకాన్ని ప్రారంభించింది. జాతీయ పాడి అభివృద్ధి మండలి ప్రధాన నిర్వాహక సంస్థగా, ఢిల్లీలోని జాతీయ రోగనిరోధక శాస్త్ర సంస్థ, కర్నాల్ సంస్థ, ఇజత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధనా సంస్థ అందులో పాలుపంచుకున్నాయి. 2015లో కర్నాల్ జిల్లాను జాతీయ రాజధాని ప్రాంతంలో చేర్చారు. ఆ విధంగా ఈ పరిశోధనకు మూలస్థానమూ ముర్రా జన్మభూమిలో అధిక భాగమూ నేడు రాజధాని పరిధిలోనే ఉన్నాయి.

రెండు దారులు

పిండాన్ని సంపాదించడానికి రెండు దారులు ఉన్నాయి. మొదటిది పాతది. దాత పశువుకు హార్మోను ఇంజెక్షన్లు ఇచ్చి, ఒకే ఎదలో ఒకటికి బదులు పలు అండాలు విడుదలయ్యేలా చేస్తారు. మేలుజాతి వీర్యంతో కృత్రిమ గర్భోత్పత్తి జరిపి, ఆవులలో ఏడవ రోజున, గేదెలలో అంతకు కాస్త ముందుగా, గర్భసంచిని ప్రత్యేక ద్రవంతో కడిగి పిండాలను వెలికితీస్తారు. గేదె పిండం ఆవు పిండం కంటె వేగంగా ఎదుగుతుంది గనుక రోజుల లెక్కలో ఈ తేడా పాటించవలసి వస్తుంది.

రెండవది కర్నాల్‌లో ప్రథమ్‌తో మొదలైన దారి. ఆనాడు అండాలను కబేళా నుంచి తెచ్చిన అండాశయాల నుంచి సేకరించడం పరిపాటి. తరువాత అల్ట్రాసౌండ్ యంత్రం సాయంతో బతికి ఉన్న పశువు అండాశయం నుంచే సూదితో అండాలను పీల్చే పద్ధతి వచ్చింది. వాటిని దాదాపు ఒక రోజు పక్వానికి ఉంచి, వీర్యకణాలతో కలిపి, 38.5 డిగ్రీల వేడిమి గల పెట్టెలో ఏడు రోజుల పాటు పెంచుతారు. పశువు చూడితో ఉన్నా తొలి నెలల్లో అండాలు తీయవచ్చు. కొద్ది రోజుల వ్యవధితో మళ్లీ మళ్లీ తీయవచ్చు. ఆడ దూడలనే ఇచ్చేలా వేరుచేసిన వీర్యం వాడితే పదింట తొమ్మిది పెయ్యలే పుడతాయి.

కాని ఈ దారి పొడుగునా నష్టమే. ఆవులలో పక్వానికి ఉంచిన అండాలలో మూడోవంతు వరకు మాత్రమే ఏడవ రోజుకు మార్పిడికి తగిన పిండాలవుతాయి. గేదెలలో ఆ పాలు ఇంకా తక్కువ. అసలు గేదె అండాశయంలో అండాల నిల్వ ఆవు కంటె ఎంతో స్వల్పం. మన ఒంగోలు, గిర్ వంటి మూపురపు జాతుల ఆవుల నుంచి ఒక విడతలో పది, ఇరవై అండాలు రావచ్చు. ముర్రా గేదె నుంచి నాలుగైదు దొరికితే గొప్ప. ఇలా దొరికిన ప్రతి పిండమూ విలువైనదే గనుక దేనిని ఉంచాలి, దేనిని విసర్జించాలన్న నిర్ణయం గేదెల విషయంలో మరింత బరువైనది.

కంటికి కనిపించేది ఏమిటి?

ఏడవ రోజు పిండం వ్యాసం మిల్లీమీటరులో ఆరోవంతు. మామూలు కంటికి అది ధూళికణం. 50 నుంచి 100 రెట్లు పెద్దదిగా చూపే సూక్ష్మదర్శిని కింద అది ఒక గుండ్రని గాజు గోళీలా దర్శనమిస్తుంది. వెలుపల పారదర్శకమైన పొర, లోపల కణాల సముదాయం. ఎదుగుదల సరిగా ఉంటే ఆరవ రోజుకు అది ముద్దగా కూడిన కణాల గుత్తి. దానిని మోరులా అంటారు. ఏడవ రోజుకు నడుమ నీటి గది ఏర్పడి బ్లాస్టోసిస్ట్ అవుతుంది. అందులో ఒక పక్కకు చేరిన కణాల పుంజం దూడగాను, చుట్టూ గోడలా పరచుకున్న కణాలు మాయగాను రూపొందుతాయి.

1974లో ఏర్పడిన అంతర్జాతీయ పిండ సాంకేతిక సమాజం ఈ పరిశీలనకు ప్రపంచమంతటా చెల్లే కొలబద్దను రూపొందించింది. ఎదుగుదల దశకు ఒక అంకె, నాణ్యతకు మరొక అంకె. కణ పదార్థంలో కనీసం నూటికి 85 పాళ్లు చెక్కుచెదరకుండా, ఆకారం సమంగా ఉంటే మొదటి శ్రేణి. సగానికి పైగా బాగుంటే రెండవ శ్రేణి. కనీసం నాలుగోవంతు బాగుంటే మూడవ శ్రేణి. ఎదుగుదల ఆగిపోయినవీ, నశించినవీ, ఫలదీకరణ చెందని అండాలూ నాలుగవ శ్రేణి.

ఈ అంకెల వెనుక ఆర్థిక ఫలితం ఉంది. మొదటి శ్రేణి పిండాన్ని ఘనీభవింపజేసి, ద్రవ నత్రజనిలో ఏళ్ల తరబడి భద్రపరచి, దూర ప్రాంతాలకు పంపవచ్చు. దేశాల మధ్య వర్తకానికి దీనినే సిఫారసు చేస్తారు. రెండవ శ్రేణి పిండాన్ని తాజాగా వాడడం మేలు. మూడవ శ్రేణి శీతలీకరణ ధాటికి తట్టుకోదు, అప్పటికప్పుడు వాడవలసిందే. ఆవులలో మొదటి శ్రేణి తాజా పిండాలు పదింట ఆరు వరకు చూడి నిలపగలవని, మూడవ శ్రేణికి వచ్చేసరికి ఆ ఆశ సగానికి పడిపోతుందని అనుభవజ్ఞుల లెక్క. వెలుపలి పొరకు పగులు లేకపోవడం మరొక ముఖ్య నియమం. పొర చెదరని పిండాన్ని పదిసార్లు శుద్ధమైన ద్రవాలలో కడిగితే పలు రోగక్రిములు తొలగిపోతాయి. పశువును దిగుమతి చేసుకోవడం కంటె పిండాన్ని తెచ్చుకోవడం క్షేమకరమన్న వాదానికి ఇదే ఆధారం.

కన్ను మోసపోయే చోటు

అయితే ఈ కొలబద్దకు పరిమితులు లేకపోలేదు. ఒకే పిండాన్ని ఇద్దరు నిపుణులు చూసి ఒకరు మొదటి శ్రేణి అనీ, మరొకరు రెండవ శ్రేణి అనీ తేల్చడం ఈ వృత్తిలో మామూలే. గేదె పిండాలలో కొవ్వు బిందువులు అధికంగా ఉండడం వల్ల అవి నల్లగా, మసకగా కనిపిస్తాయి. ఆవు పిండాలకు అలవాటుపడిన కంటికి ఆ నలుపు లోపంలా తోచవచ్చు. అదే కొవ్వు శీతలీకరణలో చేటు చేస్తుంది గనుక ఘనీభవించిన గేదె పిండాలతో ఫలితాలు వెనుకబడి ఉన్నాయి.

ఇంతకంటె ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. కణంలోని క్రోమోజోముల లెక్క తప్పినా పిండం చూపులకు అందంగానే ఉండవచ్చు. అలాంటిది గర్భంలో కొద్ది రోజులు నిలిచి కరిగిపోతుంది. పెరిగే వేగం ఈ విషయంలో కొంత మెరుగైన సూచిక. సరైన గంటకు తొలి విభజన జరుపుకొని, సరైన రోజుకు నీటి గది ఏర్పరచుకున్న పిండం బలమైనదని, వెనుకబడినది నమ్మదగినది కాదని పరిశోధనలు తెలియజేస్తున్నాయి. అందుకే కొన్ని ప్రయోగశాలలు పెట్టె లోపలే కెమెరా అమర్చి పిండం ఎదుగుదలను చిత్రిస్తున్నాయి. మరికొన్ని చోట్ల బ్లాస్టోసిస్ట్ వెలుపలి కణాలను కొన్నింటిని కోసి తీసి, ఆడా మగా అన్నదీ, జన్యు లక్షణాలు ఏమిటన్నదీ పరీక్షిస్తున్నారు. కాని ప్రతి కోతకూ పిండం కొంత మూల్యం చెల్లిస్తుంది. ఖర్చు సరేసరి.

చూపులకు మేలైన పిండం ఆరోగ్యమైన పశువుకు పూచీ కాదన్న పాఠాన్ని కర్నాల్ శాస్త్రజ్ఞులు మరొక మార్గంలోనూ చవిచూశారు. 2009 ఫిబ్రవరిలో అక్కడ క్లోనింగ్ పద్ధతిలో పుట్టిన తొలి గేదె దూడ కొద్ది రోజులకే మరణించింది. అదే ఏడాది జూన్‌లో పుట్టిన ‘గరిమ’ రెండేళ్లకు పైగా బతికి 2011లో చనిపోయింది. 2010 ఆగస్టులో పుట్టిన ‘గరిమ-2’ మాత్రం పెరిగి పెద్దదై, 2013 జనవరిలో ‘మహిమ’ అనే పెయ్యను మామూలుగా ఈనింది. ఈ మూడూ ఏడవ రోజున పరీక్షలో నెగ్గి గర్భంలోకి వెళ్లిన పిండాలే. వాటి భవిష్యత్తు మాత్రం మూడు విధాలుగా సాగింది.

పిండానికి ముందు, పిండానికి తరువాత

పాడి రైతు దృష్టితో చూస్తే పిండం ఎంపిక కంటె ముందు జరగవలసిన ఎంపిక ఒకటుంది. అది తల్లిదండ్రుల ఎంపిక. పది లీటర్ల గేదె నుంచి తీసిన మొదటి శ్రేణి పిండం కంటె ఇరవై లీటర్ల గేదె నుంచి తీసిన రెండవ శ్రేణి పిండం రైతుకు ఎక్కువ లాభం చేకూర్చవచ్చు. పిండం ఆకారానికీ పాల దిగుబడికీ సంబంధం లేదు. మరి ఆ గేదె ఇరవై లీటర్లు ఇస్తుందని ఎవరు తూచారు? ఎన్ని ఈతలు తూచారు? మేపు గొప్పదనం వల్ల అన్ని పాలు వచ్చాయా, వంశం గొప్పదనం వల్లనా? ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పగల పాల రికార్డులు మన దేశంలో బహు కొద్ది మందలకే ఉన్నాయి. బయోటెక్నాలజీ ప్రయోగశాలల నిర్మాణానికి లభించిన ఆదరణ ఊరూరా పాలు తూచి రాసే పనికి లభించలేదు.

ఈ లోటును కొంత పూడ్చే ప్రయత్నంగా 2024 అక్టోబరులో ఆవులకు ‘గౌ చిప్’, గేదెలకు ‘మహిష్ చిప్’ అనే జన్యు పరీక్షా సాధనాలను కేంద్రం విడుదల చేసింది. రక్తం లేదా వెంట్రుక నమూనాతో దూడ వయసులోనే పశువు జన్యు విలువను అంచనా వేయడం వీటి ఉద్దేశం. అయితే ఏ జన్యు గుర్తు ఎన్ని పాలతో ముడిపడి ఉందో తెలియాలంటే మళ్లీ వేలాది పశువుల పాల లెక్కలే ఆధారం. తక్కెడ లేనిదే చిప్ పలకదు.

ఇక పిండం తరువాతి ఎంపిక గ్రహీత పశువుది, అంటే ఆ పిండాన్ని మోసి ఈనే అద్దె తల్లిది. దాని ఎద తేదీ పిండం వయసుతో సరిపోవాలి. ఒక రోజు తేడాను ప్రకృతి మన్నిస్తుంది, రెండు రోజుల తేడాను మన్నించదు. అండం విడుదలైన చోట ఏర్పడి గర్భాన్ని నిలిపే పసుపు గ్రంథి దృఢంగా ఉండాలి. బ్రూసెల్లోసిస్ వంటి గర్భస్రావ వ్యాధులు ఉండకూడదు. చిక్కి ఎముకలు తేలిన గేదె గర్భంలో ఎంతటి మేలు పిండమైనా నిలవదు. రాజధాని ప్రాంతపు మే, జూన్ ఎండలలో ముర్రాలు సరిగా ఎదకు రావు. ఆ వేడిమికి అండాల నాణ్యత సైతం దెబ్బతింటుంది. తెలుగు జిల్లాల వేసవి ఇందుకు తీసిపోదు. కనుక నీడ, నీరు, పచ్చిమేత కూడా పిండ నాణ్యతలో భాగమేనని చెప్పక తప్పదు.

నెల్లూరు నేర్పే పాఠం

ఎంపికలో పట్టుదల ఏమి సాధిస్తుందో తెలుసుకోవడానికి తెలుగువారు బ్రెజిల్ వైపు చూడాలి. పందొమ్మిదవ శతాబ్దంలో మొదలై 1960ల వరకు మన ఒంగోలు పశువులు ఆ దేశానికి తరలివెళ్లాయి. నెల్లూరు పేరు మీదుగా అక్కడ ‘నెలోర్’ అని పిలుపందుకున్న ఆ జాతి నేడు బ్రెజిల్ మాంసపు పశు సంపదలో సింహభాగం. ప్రయోగశాలలో పిండాల ఉత్పత్తిలో బ్రెజిల్‌ను అగ్రశ్రేణికి చేర్చినవాటిలో ఈ జాతి ముఖ్యమైనది. 2023లో అక్కడి వేలంలో ‘వియాటినా-19’ అనే నెలోర్ ఆవులో మూడోవంతు వాటా అమ్ముడైన ధరను బట్టి దాని మొత్తం విలువ 40 లక్షల డాలర్లు దాటింది. కొన్నవారు ఆ ధర చెల్లించింది ఆవును చూసి మాత్రమే కాదు, దాని అండాలను, తరాల తరబడి రాసిపెట్టిన దాని వంశ లెక్కలను చూసి.

అదే సమయంలో ఒంగోలు పుట్టిన గడ్డ మీద ఆ జాతి సంఖ్య క్షీణిస్తూ వచ్చింది. పొట్టి జాతి పుంగనూరు పరిస్థితి మరింత దయనీయమైంది. గుంటూరు సమీపంలోని లాం, పలమనేరు పశు పరిశోధనా స్థానాలు ఈ రెండు జాతుల పరిరక్షణకు పాటుపడుతున్నాయి. ఇలాంటి అరుదైన జాతులలో పిండ మార్పిడి లక్ష్యం పాల పెంపుదల ఒక్కటే కారాదు. నాలుగైదు మేటి తల్లుల నుంచే వందలాది పిండాలు తీస్తే మంద సంఖ్య పెరుగుతుంది గాని రక్త సంబంధం బిగుసుకుపోయి, తరువాతి తరాలలో లోపాలు తలెత్తుతాయి. సంఖ్య తక్కువైన జాతికి వైవిధ్యమే ప్రాణం. అక్కడ మంచి పిండమంటే మందలో లేని వంశం నుంచి వచ్చినది కూడా.

రైతు చెల్లించేది దేనికి?

2014 డిసెంబరులో మొదలైన రాష్ట్రీయ గోకుల్ మిషన్ కింద పిండోత్పత్తి ప్రయోగశాలలకు కేంద్రం సహాయం అందిస్తోంది. 2025 మార్చిలో మంత్రివర్గం ఈ పథకం కేటాయింపును 2021-22 నుంచి 2025-26 వరకు గల కాలానికి 3,400 కోట్ల రూపాయలకు పెంచింది. అప్పటికి దేశంలో 22 ప్రయోగశాలలు నెలకొన్నాయని, వీటి ద్వారా 2,541 మేలుజాతి దూడలు పుట్టాయని ప్రభుత్వం వెల్లడించింది. 2019 గణన ప్రకారం దేశంలో గేదెలే దాదాపు 11 కోట్లు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ విద్య రైతు గడపకు ఇంకా ఎంత దూరంలో ఉన్నదీ అర్థమవుతుంది.

పథకంలోని ఒక అంశం ప్రశంసనీయమైనది. రైతుకు ఇచ్చే 5,000 రూపాయల రాయితీని పిండం గర్భంలో ఉంచినందుకు గాక, చూడి నిర్ధారణ అయినందుకు ముడిపెట్టారు. పిండం అంకె ఏదైనా కావచ్చు, ఫలితం కనిపించిన తరువాతే సొమ్ము. నాణ్యతకు ఇంతకంటె నిజాయితీ గల కొలత లేదు. ఈ సూత్రాన్ని మరింత ముందుకు తీసుకువెళ్లవలసి ఉంది. ప్రతి ప్రయోగశాలా తాను ఉంచిన పిండాలెన్ని, చూడి నిలిచినవెన్ని, సజీవంగా పుట్టిన దూడలెన్ని అన్న లెక్కను ఏటా ప్రకటించాలి. పుట్టిన పెయ్య మొదటి ఈతలో ఎన్ని పాలిచ్చిందన్నది అదే పుస్తకంలో చేరాలి. నాలుగేళ్ల తరువాత వచ్చే ఆ అంకె లేకుండా ఏ తల్లిని ఎంచడం సరైనదో, ఏది పొరపాటో తేల్చే దారి లేదు.

పిండ మార్పిడికి ముందుకు వచ్చే రైతు సైతం నాలుగు ప్రశ్నలు అడిగి తెలుసుకోవాలి. దాత గేదె పాల లెక్క ఎన్ని ఈతలది? దున్న వంశం ఏది, తన మందతో దానికి రక్త సంబంధం ఉందా? పిండం తాజాదా, ఘనీభవించినదా, దాని శ్రేణి ఎంత? చూడి నిలవకపోతే సొమ్ము ఎవరు భరిస్తారు? వీటికి కాగితం మీద జవాబు ఇవ్వలేని సంస్థ చేతిలో తన గేదె ఎద కాలాన్ని పెట్టడం రైతుకు క్షేమం కాదు. ఒక ఎద వృథా అయితే మళ్లీ మూడు వారాలు ఆగాలి. ఒక ఏడాది చూడి తప్పితే ఆ ఇంటి పాలచెంబు అంత కాలం ఖాళీ.

ప్రథమ్ పుట్టిన నాటితో పోలిస్తే పరికరాలు మెరుగుపడ్డాయి, ప్రయోగశాలలు పెరిగాయి, నిపుణులూ తయారయ్యారు. దేశ పాల ఉత్పత్తిలో నూటికి 40 పాళ్లకు పైగా సమకూరుస్తున్న గేదె మేలు కోరి ఇక చేయవలసిన పని ప్రయోగశాల వెలుపల ఉంది. కొట్టంలో పాలు తూచే తక్కెడ, తూచినది తప్పు లేకుండా రాసే పుస్తకం, ఎండాకాలంలో గేదెకు నీడ. ఈ మూడూ సమకూరిన ఊరిలో సూక్ష్మదర్శిని కింద ఎంచిన పిండం మేలుజాతి దూడగా, నిండు పొదుగుగా రైతుకు తిరిగి దక్కుతుంది.